లాగుడు పోటీకి పాత పికప్‌ను సిద్ధం చేయడం

సభాధ్యక్షులకు, ఒహాయోలోని వివిధ ఊళ్ల నుంచి కుటుంబాలతో వచ్చిన తెలుగువారికి నా నమస్కారాలు.

వేసవి వస్తే ఈ రాష్ట్రంలో కౌంటీ ఫెయిర్లు మొదలవుతాయి. మనలో చాలామంది పిల్లలకు ఆవులను, మేకలను చూపించి, సాయంత్రం గ్రాండ్‌స్టాండ్ వైపు నుంచి ఇంజన్ల మోత వినిపించే వేళకు ఇళ్లకు బయలుదేరుతారు. నేను ఆ మోత దగ్గరే ఆగిపోయాను. కొన్నేళ్లుగా మా పొరుగు రైతుతో కలిసి, ఆయన కొట్టంలో 1979 నాటి షెవర్లే కె20 పికప్‌ను లాగుడు పోటీలకు, అంటే స్లెడ్ అనే బరువైన ఈడ్పు బండిని ఎవరు ఎక్కువ దూరం లాగుతారో చూసే పోటీలకు, సిద్ధం చేస్తున్నాను. ఆ పనిలో నేర్చుకున్నదే ఈ రోజు మీ ముందు ఉంచుతున్నాను.

ఒంగోలు ఎడ్ల బండలాగుడు పందేలు చూస్తూ పెరిగిన వారికి ఈ ఆట కొత్తగా అనిపించదు. ఇక్కడ ఇది గుర్రాలతో మొదలైంది. ట్రాక్టర్లతో నమోదైన తొలి పోటీలు 1929లో మిస్సోరీలోని బౌలింగ్ గ్రీన్‌లోను, మన ఒహాయోలోని వాన్స్‌విల్‌లోను జరిగాయి. రాష్ట్రానికొక తీరుగా ఉన్న నియమాలను ఒక దారికి తేవడానికి 1969లో నేషనల్ ట్రాక్టర్ పుల్లర్స్ అసోసియేషన్ ఏర్పడింది. అయితే మన బండకూ వీరి స్లెడ్‌కూ ఒక పెద్ద తేడా ఉంది. బండ బరువు మొదటి అడుగులోనూ చివరి అడుగులోనూ ఒకటే. ఒకప్పుడు ఇక్కడ స్లెడ్ కదులుతూ ఉండగా దారి పొడవునా నిలబడిన మనుషులు ఒక్కొక్కరే దాని మీదికి ఎక్కేవారు. ఇప్పుడు ఆ పనిని యంత్రమే చేస్తోంది. స్లెడ్ వెనుక భాగం చక్రాల మీద ఉంటుంది, ముందు భాగంలో నేలను రాసుకునే ఇనుప పలక ఉంటుంది. బరువుల పెట్టె మొదట చక్రాల మీద ఉండి, స్లెడ్ కదిలిన కొద్దీ ముందుకు జరిగి పలక మీదికి చేరుతుంది. అందుచేత ఒరిపిడి అడుగడుగునా పెరుగుతుంది. 300 అడుగులు దాటితే దాన్ని ఫుల్ పుల్ అంటారు. చాలా బండ్లు అంతకు ముందే నిలిచిపోతాయి.

కొత్తగా వచ్చేవారు దాదాపు అందరూ ముందు ఇంజన్ మీద డబ్బు పెడతారు. నా అనుభవంలో అది తలకిందుల పద్ధతి. పాత పికప్‌ను వెనుక ఉన్న హిచ్ దగ్గర మొదలుపెట్టి ముందుకు సిద్ధం చేసుకుంటూ రావాలి, ఇంజన్ చివరిది కావాలి.

హిచ్ అంటే స్లెడ్ గొలుసు కొక్కెం తగిలించే ఇనుప కన్ను. చాలా స్థానిక పోటీల్లో దాని ఎత్తు నేల నుంచి 26 అంగుళాలకు మించకూడదు. ఆ 26 అంగుళాలు ఏం చేస్తాయో లెక్క వేసి చూద్దాం. మా బండి ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 131.5 అంగుళాలు. బండి 5,000 పౌండ్ల బలంతో లాగుతోందనుకుంటే, ఆ బలాన్ని 26తో గుణించి 131.5తో భాగించగా వచ్చే దాదాపు 990 పౌండ్ల బరువు ముందు చక్రాల మీది నుంచి లేచి వెనుక చక్రాల మీదికి వెళ్తుంది. హిచ్‌ను 20 అంగుళాలకు దించితే అది 760 పౌండ్లకు తగ్గుతుంది. అలాగని దించడమే మేలని కాదు. గొలుసు సాధారణంగా హిచ్ నుంచి స్లెడ్ వైపు కిందికి వాలి ఉంటుంది. ఆ వాలు వల్ల పలక మీది భారంలో కొంత భాగం మన వెనుక టైర్ల మీదికి వచ్చి పట్టు పెరుగుతుంది. నాలుగు చక్రాలతో లాగే బండికి వెనుక భారమూ కావాలి, ముందు చక్రాలు నేలను వదలకుండానూ ఉండాలి. ఈ రెండింటి మధ్య సరైన ఎత్తును ప్రతి బండికీ విడిగా వెతుక్కోవలసిందే.

ముందు వేలాడదీసే బరువులు ఇందుకే. మా విభాగంలో డ్రైవరుతో సహా 6,200 పౌండ్లు, అంటే సుమారు 2,800 కిలోలు పరిమితి. బండి సొంత బరువు అంతకంటే తక్కువ కాబట్టి మిగిలినదాన్ని మనకు నచ్చిన చోట పెట్టుకోవచ్చు. ముందు ఇరుసుకు 50 అంగుళాల ముందర 100 పౌండ్లు వేలాడదీస్తే ముందు చక్రాల మీద పెరిగేది 100 కాదు, 138 పౌండ్లు. ఆ అదనపు 38 వెనుక చక్రాల నుంచి వస్తుంది.

ఇక ఛాసిస్, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రం. నలభై ఏళ్లు దాటిన బండిలో ముందుగా చూడవలసింది తుప్పు. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు ఛాసిస్‌ను లోపలి నుంచి తినేస్తుంది, పైన రంగు మాత్రం బాగానే కనిపిస్తుంది. సుత్తితో తట్టుకుంటూ పోవాలి. ఖంగుమనే చోట ఇనుముంది, మొద్దుగా మోగిన చోట లేదు. స్టీరింగ్ బాక్సు బిగించిన చోట పగుళ్లున్నాయేమో తీగ బ్రష్‌తో శుభ్రం చేసి మరీ చూడాలి. పగులున్న ఛాసిస్‌కు హిచ్ వెల్డు చేయడం ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడమే.

వెనుక కమాను పట్టీల (లీఫ్ స్ప్రింగుల) సంగతి ఇంకా ముఖ్యం. చక్రం ముందుకు తిరగాలని చూస్తుంటే ఇరుసు హౌసింగ్ (పై తొడుగు) వెనక్కి తిరగాలని చూస్తుంది; ఆ మెలికకు కమాను ఎస్ ఆకారంలో వంగి, ఒక్కసారిగా విడిపోయి, చక్రం ఎగిరెగిరి పడుతుంది. అలా ఎగిరిన చక్రం మళ్లీ నేలను పట్టుకునే క్షణంలోనే షాఫ్టులు తెగుతాయి. దీన్ని ఆపడానికి ఇరుసు నుంచి ఛాసిస్‌కు బలమైన ఇనుప గొట్టాలు బిగిస్తారు, వాటినే ట్రాక్షన్ బార్లు అంటారు. నియమాలు అనుమతిస్తే ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య దిమ్మలు పెట్టి కమాను కదలికనే ఆపేస్తారు. మా తొలి ఏడాది నేను ఈ పనిని వాయిదా వేశాను. ఇంజన్ శక్తిని ఇరుసుకు చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, అంటే దాని చివరల్లోని కీళ్లు, కూడా పాతవే ఉంచాను. 100 అడుగులు కూడా పోకముందే వెనుక క్రాసు ముక్కలైంది. షాఫ్ట్ చుట్టూ పావు అంగుళం మందం ఉక్కు కవచం ఉండబట్టి ఆ ముక్కలు కిందనే ఆగాయి, లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది.

మా వెనుక ఇరుసులో క్రౌను చక్రం (ఇరుసును తిప్పే పెద్ద పళ్ల చక్రం) పదిన్నర అంగుళాలది. బండి బరువును హబ్ మోస్తుంది, లోపలి షాఫ్ట్ తిప్పే పని మాత్రమే చేస్తుంది కాబట్టి షాఫ్ట్ విరిగినా చక్రం ఊడదు. మేము చేసిందల్లా రెండు చక్రాలూ కలిసి తిరిగేలా లాకర్ వేయడమే.

గేరు ఎంపిక దగ్గరే ఇంజన్ మాట వస్తుంది. మా గేర్‌బాక్స్‌లో రెండో గేరు 3.58, మూడోది 1.70, ముందు, వెనుక ఇరుసులకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ ‘లో రేంజ్’ (తక్కువ వేగపు నిష్పత్తి) 1.96, ఇరుసు నిష్పత్తి 4.10. ఇంజన్ 300 పౌండ్-అడుగుల టార్క్ (తిప్పే బలం) ఇస్తే, 33 అంగుళాల టైరు దగ్గర ‘లో రేంజ్’ రెండో గేరులో, నష్టాలు తీసివేయకముందు, 6,200 పౌండ్ల పైచిలుకు బలం వస్తుంది. అది టైర్లు పట్టు జారేటంత బలం. కానీ 4,500 ఆర్పీఎం దగ్గర వేగం గంటకు 15 మైళ్లే. మూడో గేరులో వేగం 32 మైళ్లు, బలం 3,000కు లోపే. స్లెడ్ మీది బరువుల పెట్టె ముందుకు వచ్చే వేళకు బండికి ఊపు ఉండాలంటే వేగం కావాలి, పట్టు వదలకూడదంటే బలం కావాలి. పెద్ద ఇంజన్ చేసేదల్లా అదే బలాన్ని ఎక్కువ వేగంతో ఇవ్వడం. మిగిలినవన్నీ ఆ బలాన్ని తట్టుకునేలా ఉన్నప్పుడే దానికి విలువ. మేము ఆ 5.7 లీటర్ల ఇంజన్‌కు శుభ్రమైన కార్బ్యురేటర్, సరైన టైమింగ్, కొత్త క్లచ్ ప్లేటు తప్ప మూడేళ్ల పాటు మరేమీ చేయలేదు. అయినా ఏటేటా దూరం పెరిగింది.

రక్షణ విషయంలో బేరం లేదు. హెల్మెట్, అగ్నిమాపక సిలిండర్, షాఫ్ట్ కవచాలు, గొలుసు తెగి బండి విడిపోతే ఇంజన్‌ను ఆపేసే కిల్ స్విచ్ ఉండాలి. మీరు పాల్గొనే పోటీ నియమావళిని బండి కొనకముందే చదవండి. టైరు ఎత్తు, హిచ్ కొలత, దిమ్మల అనుమతి చోటుకొక తీరుగా ఉంటాయి.

మా పొరుగాయన దయతో ఆ కె20 ఈ రోజు బయట పార్కింగ్‌లో ఉంది, ముందు బరువులు తగిలించే ఉన్నాయి. నేను టేపు తెచ్చాను. భోజనాలకు ముందు పిల్లలను తీసుకుని రండి, హిచ్ ఎత్తు వాళ్ల చేతే కొలిపిద్దాం.