మండువా మీద రేకు వెయ్యకండి

అందరికీ నమస్కారం. పాత ఇళ్లని టూరిస్టులకి అద్దెకిచ్చి నాలుగు డబ్బులు చేసుకోవడం ఎలాగో చెప్పమని నన్ను పిలిచారు. డబ్బు సంగతి చివర్లో రెండు ముక్కల్లో తేల్చేస్తాను, అది నిజంగా రెండు ముక్కలే. నేను దెబ్బ తిని నేర్చుకున్నది గోడల సంగతి.

మాది భోగాపురం పక్కన పల్లె. తాతగారి నాటి మండువా లోగిలి, అంటే ఇంటి నడుమ పైకప్పు లేకుండా ఆకాశానికి తెరిచిన ఖాళీ ఉన్న ఇల్లు. విశాఖపట్నం కారులో గంట దూరం. శనివారం వచ్చేవాళ్లు ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తిని, కురుసుర జలాంతర్గామిలోకి దూరి, రుషికొండలో ఫొటోలు దిగి, భీమిలి మీదుగా చీకటి పడ్డాక మా వీధిలో దిగుతారు. ఆ హోరంతా చూసొచ్చినవాళ్లు మొదట చేసే పని, అరుగు మీద చతికిలబడటం. గది చూపిస్తానన్నా లేవరు. విమానాశ్రయం పనులు మొదలయ్యాక మా ఇల్లు అడిగేవాళ్లు ఇంకో రకం కూడా వస్తున్నారు. వాళ్లకి కావలసింది ఇల్లు కాదు, దాని కిందున్న స్థలం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. తెల్లారేసరికి పెంకులు సగం పెరట్లో ఉన్నాయి. బాగు చేయించే తొందరలో రెండు తెలివితక్కువ పనులు చేశాను. మొదటిది, ఇంకెప్పుడూ వాన లోపల పడకూడదని మండువా మీద ప్లాస్టిక్ రేకు వేయించడం. వేసవి వచ్చాక తెలిసింది, ఆ ఖాళీ వాన కోసం మాత్రమే కాదని. ఇంట్లో వేడెక్కిన గాలి అందులోంచే పైకి పోతుంది, వీధి గుమ్మంలోంచి చల్లగాలి లోపలికొస్తుంది. రేకు వేశాక మధ్యాహ్నం ఇల్లు ఆవం అయిపోయింది. ఇంటి నడుమ పొయ్యి పెట్టి, దాన్ని చల్లార్చడానికి ఏసీలు కొన్నాను.

రెండోది, పెచ్చులూడిన గోడలకి సిమెంటు ప్లాస్టరింగు. మేస్త్రి గట్టిగా ఉంటుందన్నాడు. గట్టిగానే ఉంది, రెండేళ్లు. ఆ తర్వాత అడుగు ఎత్తున చవుడు పట్టి, రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. వేలితో గీరితే తెల్లటి పొడి. నాలిక మీద పెట్టుకుని చూశాను, ఉప్పు. మన పాత గోడలకి పునాది దగ్గర చెమ్మని ఆపే పొర ఉండదు. నేలలోంచి నీరు పైకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నపు గోడైతే ఆ చెమ్మని బయటికి వదిలేస్తుంది. సిమెంటు వదలదు. లోపలే నిలవబెట్టి ఇటికని తినేస్తుంది.

ఊళ్లో ఒక ముసలి తాపీ మేస్త్రి ఉండేవాడు. వచ్చి గోడ మీద చెయ్యేసి, "గోడకి ఊపిరాడాల బాబూ, ముక్కు మూసేసినారేటి?" అన్నాడు. అంతే. సిమెంటంతా చెక్కించాం. గుంతలో సున్నం తడిపి వారాల తరబడి నానబెట్టాం. ఇసక కలిపి గానుగలో తిప్పించాం. కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు పోశాం. ఒక పూత ఆరేదాకా ఇంకో పూత వెయ్యనివ్వడు. ఎండకి బీటలు రాకుండా తడి గోనెలు కప్పాలి. సున్నం గాలిని పీల్చుకుని మెల్లగా రాయవుతుంది, తొందరపెడితే వినదు. నాకు ఓపిక లేక ఆ నెలల్లో ఆయనతో రోజూ గొడవే. ఇప్పుడా గోడకి వీపు ఆనిస్తే మే నెలలో కూడా చల్లగా తగులుతుంది.

రేకు తీసేశాక మొదటి వానకి విశాఖ ఫ్లాటు నుంచి వచ్చిన కుటుంబం ఉంది. నాలుగు మూలల నుంచీ ధారలు పడుతుంటే ఆరేళ్ల పిల్ల మండువాలోకి దిగి, నీళ్లు పోయే తూములో కాగితప్పడవ వదిలి, అది వీధిలో తేలుతుందేమోనని గుమ్మంలోకి పరిగెత్తింది. తడిసిందని వాళ్లమ్మ కేకలేసింది గానీ, కాసేపటికి ఆవిడా దిగింది.

స్నానాల గది లోపలే కావాలంటారు. ఇవ్వక తప్పదు. పెరటి వైపు కొట్టుగదిలో కట్టండి. గొట్టాలు పాత గోడలో దూర్చకండి, బయట నుంచి తిప్పండి.

ఇక డబ్బు. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో ఒకటి నుంచి ఆరు గదుల దాకా ఇవ్వొచ్చు, మీ కుటుంబం ఆ ఇంట్లోనే ఉండాలి. విదేశీయులు దిగితే 24 గంటల్లో వాళ్ల వివరాలు అధికారులకి తెలపాలి. వారాంతాల్లో నిండుతుంది, మిగతా రోజులు ఈగలు తోలుకోవడమే. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి గదులు బాగా అడుగుతారు, నేనివ్వను. ఆ మూడ్రోజులూ ఇల్లు మా అక్కచెల్లెళ్లది.

వచ్చే ఆదివారం ఉత్తరపు గదికి రెండో పూత వేస్తున్నాం. చూడాలనుకున్నవాళ్లు పొద్దున్నే రండి, ఎండెక్కితే మేస్త్రి పని ఆపేస్తాడు. చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ ఉంటాయి. పాత బట్టలు కట్టుకురండి, సున్నం మరక పోదు.