గుమ్మం దగ్గర పనసకాయ

శ్రీకాకుళంలో కొత్త పంచాయతీ కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక విశ్రాంత పంచాయతీ అధికారి చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. భోజనాల తరువాతి క్లాసు నాకిచ్చారు. దానికి తోడు విషయం ప్రవర్తనా నియమావళి. ఈ రెండూ కలిస్తే ఎవరికైనా కునుకు వస్తుంది. అందుకని నియమాల జోలికి తరువాత వెళ్దాం. ముందు ఒక పనసకాయ సంగతి చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉద్దానంలో ఒక ఊళ్లో పనిచేసేవాణ్ణి. ఉద్దానం అంటే కొబ్బరి, జీడిమామిడి, పనస. వేసవిలో ఒకరోజు సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి గుమ్మం పక్కన పనసకాయ ఉంది. చిన్నదేమీ కాదు, ఇద్దరు పడితేగాని లేవదు. ఎవరు తెచ్చారని మా ఆవిడను అడిగాను. "ఎవరో పెద్దాయన. పేరు చెప్పలేదు. తోటలో కాసిందట, బాబుకి ఇవ్వమన్నాడు" అంది. తిరిగి ఇద్దామంటే ఎవరికివ్వాలో తెలియదు. రెండు రోజులకు ఇల్లంతా వాసన. మూడో రోజు చేతులకు నూనె రాసుకుని కోశాం. ఇరుగుపొరుగుకు పంచాం, మేమూ తిన్నాం. తొనలు తేనెలా ఉన్నాయి, అబద్ధం చెప్పను.

పది పన్నెండు రోజుల తరువాత ఆ పెద్దాయన ఆఫీసుకు వచ్చాడు. పెంకుటిల్లు తీసేసి, మేడ కట్టుకున్నాడు. ఇంటి పన్ను మాత్రం ఇంకా పెంకుటింటి లెక్కలోనే ఉంది. దాన్ని అలాగే ఉంచమని ఆయన కోరిక. ఆ మాటైనా నోటితో అనలేదు. బల్ల ముందు కూర్చుని, కండువాతో ముఖం తుడుచుకుని, "పనస బాగా పండిందా బాబూ?" అన్నాడు. అంతే.

ఆయన ఇంటి పన్ను నేను సరిగ్గానే వేశాను. కాని వేయడానికి మూడు వారాలు పట్టింది. టేపు పట్టుకుని ఆ వీధిలోకి వెళ్లడానికి మొహం చెల్లక, అటువైపు పనులన్నీ వాయిదా వేసుకున్నాను. అదే వీధిలో ఒంటరిగా ఉండే ఒకావిడ కుళాయి కనెక్షన్ కోసం పెట్టుకున్న దరఖాస్తు కూడా ఆ మూడు వారాలూ నా సొరుగులోనే ఉండిపోయింది. పనసకాయ తిన్నది నేను, దాని ఖరీదు కట్టింది ఆవిడ.

మన ప్రాంతంలో లంచం ఆశ రూపంలో కంటే మొహమాటం రూపంలోనే ఎక్కువగా వస్తుంది. నోట్ల కట్ట పట్టుకుని ఎదురుగా నిలబడినవాణ్ణి పొమ్మనడం తేలిక, కోపం దానంతట అదే వస్తుంది. "మా అమ్మాయి పెళ్లి, మీరు రాకపోతే ఎలా", "మా తోటలో కాసినవే, కొన్నవి కావు", "మీ అబ్బాయిని మా ఆటోలోనే బడికి వెళ్లమనండి, డబ్బులెందుకు" అన్నవాణ్ణి పొమ్మనడం కష్టం. కాదంటే పొగరు అంటారు. నా అనుభవంలో ప్రవర్తనా నియమావళి పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. అది మిమ్మల్ని కొట్టడానికి పెట్టిన కర్ర అని చాలామంది అనుకుంటారు. నేను దాన్ని ఎక్కువసార్లు ఊతకర్రగానే వాడుకున్నాను. "నాకు ఇష్టం లేదు" అంటే అవతలివాడికి అవమానం. "రూలు ఒప్పుకోదండీ, నా ఉద్యోగం పోతుంది" అంటే ఆయనే జాలిపడి బుట్ట తిరిగి తీసుకెళతాడు.

మీకు వర్తించేవి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలు, 1964 నాటివి. రెండో పెళ్లి దగ్గర నుంచి తాగుడు దాకా అందులో లేనిది లేదు. అన్నీ చదవమని చెప్పను, చదవరని తెలుసు. మూడు మాత్రం గుర్తుంచుకోండి. ఆఫీసులో పని ఉన్నవాళ్ల దగ్గర మీరే కాదు, మీ ఇంట్లోవాళ్లు కూడా కానుక పుచ్చుకోకూడదు. అంటే నా పనసకాయ మా ఆవిడ చేతికి వచ్చినా నా చేతికి వచ్చినట్టే. ఏటా జనవరి 15 లోపు ఆస్తుల వివరాలు ఇవ్వాలి. ఇది కాగితం పని, చేసేయండి. మూడోది, మీకూ మీ బంధువులకూ సంబంధించిన వ్యవహారం మీ బల్ల మీదికి వస్తే మీరు తేల్చకూడదు. ఈ మూడోదానికి మళ్లీ వస్తాను.

ఇక చట్టం. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. ఆ సవరణలో ఏడో సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఇచ్చారు. చట్టం పుస్తకంలో అంత మామూలు ఉదాహరణ చూసి నేను ఆశ్చర్యపోయాను. ఒక ఉద్యోగి రేషన్ కార్డు దరఖాస్తును సకాలంలో చూడటానికి 5000 రూపాయలు అడిగాడు. అతను నేరస్థుడు. అంతే ఉదాహరణ. అతను దొంగ కార్డు ఇవ్వలేదు, అర్హత లేనివాడికి ఇవ్వలేదు. చేయవలసిన పనే చేయడానికి అడిగాడు. "నేను చేసింది సక్రమమైన పనే కదా, వాళ్లు సంతోషంగా ఇచ్చారు" అనేవాళ్లకు పార్లమెంటు ఇచ్చిన జవాబు అది. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్లు. ఇచ్చినవాడు కూడా నేరస్థుడే. బలవంతం మీద ఇచ్చి ఉంటే మాత్రం ఏడు రోజుల్లో ఫిర్యాదు చేయాలి.

ఇంకొకటి. ఫిర్యాదు చేసినవాడు కోర్టులో అడ్డం తిరిగితే కేసు నిలవదని ఒక ధీమా ఉండేది. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని తీసేసింది. లంచం అడిగినట్టు, తీసుకున్నట్టు ఇతర సాక్ష్యాల ద్వారా కూడా రుజువు చేయవచ్చని చెప్పింది. లంచగొండిని పట్టుకోవడానికి పొడి రాసిన నోట్లు, వాటిని తాకిన చేతులు ముంచితే గులాబీ రంగుకు తిరిగే నీళ్లు మీరు సినిమాల్లో చూసే ఉంటారు. ఇప్పుడు బావమరిది ఫోనుకు డబ్బు వేయించుకునేవాళ్లు ఉన్నారు. ఆ తెలివితేటలకు నవ్వొస్తుంది. నీళ్ల రంగు కడిగితే పోతుంది, బ్యాంకు లెక్క పోదు.

సరే, బంధువుల మాట. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మీలో కొందరి ఇళ్లలో ఆ రాత్రి ఇంకా మరిచిపోయి ఉండరు. కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. పరిహారం చెట్టు లెక్కన. లెక్క రాయడానికి బృందాలు వేశారు, నన్నూ వేశారు. నాకిచ్చిన జాబితాలో నాలుగో పేరు మా మేనమామది.

తుపానుకు ముందే ఎండిపోయిన చెట్టును, తుపానుకు పడిన చెట్టును మొదలు చూసి వేరుచేయవచ్చు. ఎండిన చెట్టు మానులో చెద ఉంటుంది. కాని చూడాలనుకుంటేనే కనిపిస్తుంది. మామయ్య తోటలో రెండు రకాలూ ఉన్నాయని నాకు తెలుసు, ఎందుకంటే చిన్నప్పుడు ఆ తోటలోనే తిరిగాను. నేను లెక్క రాస్తే రెండు దారులు. కలిపి రాస్తే దొంగలెక్క. విడదీసి రాస్తే, పక్క తోటలవాళ్ల చెట్ల మీద కూడా అంతే నిక్కచ్చిగా ఉంటానా, లేక ఇంటివాడి మీద నిజాయితీ చూపించుకుని మిగతావాళ్లను వదిలేస్తానా? ఈ రెండోదాన్ని గురించి ఎవరూ మాట్లాడరు. బంధువుల పట్ల అతిగా కఠినంగా ఉండటం కూడా పక్షపాతమే. అందుకే తీర్పు సరిగ్గా చెప్పగలవా అని రూలు అడగదు, అసలు ఆ తీర్పే నీ చేతిలో పెట్టుకోవద్దంటుంది. తహసీల్దారుకు కాగితం రాసిచ్చి ఆ తోటను ఇంకో బృందానికి మార్పించాను.

మామయ్య రెండేళ్లు మాట్లాడలేదు. ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎదురైతే "ఆఫీసరు గారు వచ్చారు, కుర్చీ వేయండి" అంటాడు. ఆ ఎత్తిపొడుపు పడాల్సిందే. అది జీతంలో భాగం అనుకోండి.

సర్పంచులకు మీ ప్రవర్తనా నియమాలు వర్తించవు. వాళ్లు పంచాయతీరాజ్ చట్టం, 1994 కిందికి వస్తారు. పంచాయతీ పనుల్లో కాంట్రాక్టు వాటా ఉంటే పదవికి అనర్హత. అవినీతి నిరోధక చట్టం మాత్రం వాళ్లకూ మీకూ ఒకటే. సంత ఆశీలు వేలం, చెరువు చేపల వేలం, దుకాణాల అద్దెలు అన్నిటికీ ఒకే మందు: వేలం తేదీని ఊరంతా తెలిసేలా దండోరా వేయించండి, పాటదారుల సంతకాలు అప్పటికప్పుడే తీసుకోండి. అంతకుమించి చెప్పేదేమీ లేదు.

ఇందాక టీ దగ్గర ఒక అమ్మాయి అడిగింది: "సార్, మా సర్పంచ్ గారి డిజిటల్ సంతకం కీ ఆవిడ భర్త దగ్గర ఉంటుంది. ఆయనే పెట్టి బిల్లులు పాస్ చేయమంటారు. కాదంటే నన్ను బదిలీ చేయిస్తానంటారు. ఏం చేయాలి?" మంచి ప్రశ్న. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. కంప్యూటర్‌కు తగిలించే ఆ కీ మాత్రం చాలా చోట్ల భర్త జేబులోనో, కంప్యూటర్ ఆపరేటర్ సొరుగులోనో, పాస్‌వర్డు చీటీ అంటించి మరీ ఉంటుంది. అలాంటి కీతో పాసైన బిల్లు మీద రేపు విచారణ వస్తే సర్పంచ్ "నాకేం తెలియదు" అంటుంది, అది నిజం కూడా. మిగిలేది మీరు.

ఆయనతో గొడవ పెట్టుకోకండి. "మేడం గారికి ఆఫీసుకు రావడం ఇబ్బందైతే నేనే ఇంటికి వస్తానండీ" అనండి. ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్లండి. ఒక్కొక్క బిల్లు పైకి చదవండి, పని ఎక్కడ, ఎంత, ఎవరికి అని. పాస్‌వర్డు ఆవిడతోనే కొట్టించండి. విజయనగరం వైపు ఒక ఊళ్లో ఒక కార్యదర్శి ఇలాగే చేసింది, అప్పుడు నేను పక్కనే ఉన్నాను. సర్పంచ్ గారు పొయ్యి దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు. మొదటి రెండు బిల్లులకు తల ఊపారు. మూడోది వీధి దీపాలది, నలభై ఎల్‌ఈడీ బల్బులు. ఆవిడ కాసేపు ఆలోచించి, "నలభై అన్నారు కదమ్మా, ఎక్కడెక్కడ వేశారు? మా వీధిలో ఒక్కటీ వెలగడం లేదే" అన్నారు. భర్త గుమ్మంలో నిలబడి దగ్గాడు.

ఆ బిల్లు ఆరోజు పాస్ కాలేదు.