లేసు అల్లేవారికి ఈ ఛార్జింగ్ ఫ్యాన్ పనికొస్తుందా? డెల్టా ఎండల్లో వాడి చూసిన రివ్యూ

ప్రేక్షకులందరికీ నమస్కారం. నా ముందు బల్ల మీద కనిపిస్తున్న ఈ చిన్న ఛార్జింగ్ ఫ్యాన్‌ను తయారీ సంస్థ నాకు ఉచితంగా పంపింది. వీడియో చేస్తున్నందుకు వారి నుంచి డబ్బు తీసుకోలేదు, ఈ మాటలను ముందుగా వారికి వినిపించనూ లేదు. బ్యాటరీ సామర్థ్యం, బరువు, రెక్కల కొలత, ధర వంటి వివరాలను మీరు ఇప్పటికే వేరే వీడియోల్లో చూసి ఉంటారు కనుక వాటి జోలికి వెళ్ళను. నేను తేల్చదలచిన సంగతి ఒక్కటే: రోహిణి కార్తె మధ్యాహ్నం, గోదావరి డెల్టాలో, చేతిలో క్రోషే సూది పట్టుకొని కూర్చున్న మనిషిని ఈ ఫ్యాన్ పని చేసుకోనిస్తుందా, లేదా?

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు కాని మా నరసాపురం పరిసరాల్లో ఇది వేల ఇళ్ళకు సంబంధించిన ప్రశ్న. 1844 ప్రాంతంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు ఇక్కడి స్త్రీలకు ఈ అల్లిక నేర్పారని చెబుతారు. అప్పటి నుంచి తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి చేరుతూ వచ్చిన ఈ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. అయితే గుర్తింపు వచ్చినంత మాత్రాన మే నెలలో అరుగు మీద ఉక్కపోత తగ్గదు. పొద్దున్న వంట, పిల్లల పనులు ముగించుకొని లేసు పట్టుకొనే సమయానికి ఎండ నడినెత్తికి వస్తుంది. ఆ కాస్త మధ్యాహ్నమే చాలామందికి పని చేసుకొనే వేళ.

మన ఎండ తీరు గురించి ఒక మాట చెప్పాలి. వాతావరణ శాఖ మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరితేనే వడగాలి గురించి ఆలోచిస్తుంది, తీరప్రాంతాల్లో మాత్రం 37 డిగ్రీలకే, అది సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువైతే, వడగాలిగా లెక్కిస్తుంది. సముద్రం, కాలువలు, చేపల చెరువులు, వరి చేలు అన్నీ కలిసి గాలిని తేమతో నింపిన చోట చెమట పడుతుంది కాని ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అందుకే అనంతపురంలోనో హైదరాబాదులోనో కూర్చొని చేసిన ఫ్యాన్ రివ్యూలు, కూలర్ రివ్యూలు మనకు అక్కరకు రావు.

చెమట ఆరకపోతే లేసుకు ఏమవుతుందో దగ్గరగా చూపిస్తాను. ఇది 40 నంబరు తెల్ల దారం. ఎడమ చేతి చూపుడు వేలి మీదుగా దారం జారుతూ రావాలి. ఆ జారుడు ఒకే తీరుగా ఉంటేనే గొలుసు కుట్లు ఒకే కొలతలో పడతాయి. వేలు తడిగా ఉన్నప్పుడు దారం చర్మానికి అతుక్కొని ఆగి ఆగి వస్తుంది, అప్పుడు కుట్టు బిగుసుకుంటుంది. ఈ పువ్వులో ఎడమ వైపు రేకలు పొద్దున్నవి, కుడి వైపు రెండు రేకలు మిట్టమధ్యాహ్నం ఫ్యాన్ లేకుండా అల్లినవి. కుడి వైపు రేకలు ముడుచుకొని, అంచు లోపలికి వంగి కనిపిస్తున్నాయి చూడండి. ఇలాంటి పువ్వు అతుకు పనికి వెళ్ళినప్పుడు పక్క పువ్వుతో కొలత కలవదు, అతికే మనిషి లాగి సర్దవలసి వస్తుంది. ఇక సూది పై పూత అరిగి ఉక్కు బయటపడి ఉంటే చెమట తగిలి తుప్పు పట్టి తెల్ల దారం మీద గోధుమ రంగు చార వస్తుంది, అది ఉతికినా పోదు. తెల్ల లేసుకు మరక కంటే పెద్ద లోపం లేదు.

ఈ బాధ తప్పించుకోవడానికి ఇంతకుముందు నేను వాడినవి కొన్ని ఉన్నాయి. ఎయిర్ కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది; పొడి గాలిలో ఆ పద్ధతి అద్భుతంగా పని చేస్తుంది, తేమ గాలిలో మాత్రం గదిలోకి ఇంకా తేమను నింపి ఉక్కపోతను పెంచుతుంది. దాని ముందు కూర్చొని అల్లితే దారపు ఉండే మెత్తబడి చేతికి అంటుకుంటుంది. డాబా ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ మధ్యాహ్నం పూట స్లాబు కింద నిలిచిన వేడి గాలినే తల మీదికి నెడుతుంది. మెడలో వేసుకొనే ఫ్యాన్ కూడా వాడాను. గాలి మెడకు బాగానే తగులుతుంది కాని లేసు అల్లేవారు తల వంచి పని చేస్తారు కనుక ఆ బరువు మెడ వెనక నరాలను లాగుతుంది, చెవుల పక్కన సొద ఆగదు. టాల్కం పౌడరు చేతులకు రాసుకొనే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. అది కొంతసేపు పని చేస్తుంది, తర్వాత చెమటతో కలిసి మడ్డిగా మారి కుట్ల సందుల్లో చేరుతుంది. దయచేసి ఆ అలవాటు మానండి.

ఇప్పుడు ఈ ఫ్యాన్ సంగతికి వస్తాను. దీనిలో నాకు అన్నిటికంటే నచ్చినది దీని మొదటి స్పీడు. ఇతరులు దీని గరిష్ఠ స్పీడును పొగిడారు, గది ఆ చివరన ఉన్న కర్టెన్ కదిలిందని చూపించారు. చేతి పని చేసేవారికి ఆ బలంతో పని లేదు. మనకు కావలసినది ఎంత నెమ్మదిగా తిరగగలదన్నది. చౌక రకం చిన్న ఫ్యాన్లలో ఉండే బ్రష్ మోటార్లు తక్కువ వేగంలో నిలకడగా తిరగలేక ఆగి ఆగి కదులుతాయి, అందుకని వాటిలో మొదటి స్పీడునే గట్టిగా పెట్టేస్తారు. దీనిలో ఉన్నది బ్రష్‌లెస్ మోటారు. దాని వేగాన్ని ఎలక్ట్రానిక్ సర్క్యూట్ అదుపు చేస్తుంది కనుక బాగా నెమ్మదిగా కూడా ఒకే తీరుగా తిరుగుతుంది. చూడండి, వేలి మీద నుంచి వేలాడుతున్న దారపు కొస ఊగడం లేదు, కాని నా మణికట్టు మీద చెమట ఆరుతోంది. ఈ రెండూ ఒకేసారి జరిగే ఫ్యాన్ నా చేతికి ఇంతవరకు దొరకలేదు. కంపెనీ వారు తమ పెట్టె మీద ఈ విషయం ఎక్కడా రాయకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది, ఎందుకంటే దీన్ని కొనడానికి ఉన్న అసలు కారణం ఇదే.

మొదటి స్పీడులో చప్పుడు కూడా దాదాపు లేదు. అల్లేటప్పుడు గొలుసులు లెక్కపెట్టుకోవాలి, జాలీ గళ్ళకు లెక్క తప్పితే వరుసంతా విప్పవలసి వస్తుంది. గొంతు విప్పి లెక్క పెట్టుకొనే అలవాటున్న మా అత్తగారు ఈ ఫ్యాన్ పక్కన కూర్చున్నప్పుడు గొంతు పెంచవలసిన అవసరం రాలేదు.

ఫ్యాన్‌ను ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే, దీని గురించి రివ్యూల్లో ఎవరూ చెప్పరు. ఎదురుగా పెడితే గాలి నేరుగా అల్లిక మీద పడి పువ్వు రేకలు ఎగురుతాయి, కళ్ళు పొడిబారి మండుతాయి. కుడి చేతి వాటం ఉన్నవారు దీన్ని కుడి వైపున కొంచెం వెనకగా, మోచేతి ఎత్తులో పెట్టండి. గాలి మెడ మీద, కుడి ముంజేయి మీద పడాలి, దారం పట్టిన ఎడమ చేతికి నేరుగా తగలకూడదు. దారపు ఉండను గిన్నెలో పెట్టుకుంటే దొర్లదు. ఎడమ చేతి వాటం వారు ఇదంతా తిప్పి పెట్టుకోవాలి. దీని మెడ పైకి కిందికి వంగుతుంది, వంచిన చోట నిలుస్తుంది. ఆ బిగువు ఈ వేసవి అంతా వాడినా వదులు కాలేదు.

గాలి పని మీద పడకూడదన్న ఈ మాట నేత వారికి బాగా తెలుసు. అమలాపురం పక్కన బండారులంక వంటి నేత ఊళ్ళలో గుంట మగ్గం మీద నూలు నేసేవారు ఎంత ఉక్కగా ఉన్నా పడుగు (మగ్గం మీద పొడవునా సాగదీసిన నూలు పోగులు) మీదికి ఫ్యాన్ తిప్పరు. నూలు తడిలో బలపడుతుంది, పొడి గాలి తగిలితే పెళుసెక్కి పోగులు తెగుతాయి. మగ్గాన్ని గుంటలో అమర్చడం వల్ల నేల తేమ పడుగుకు అందుతుంది. నేత మనిషికి కావలసిన గాలి, నూలుకు కావలసిన తేమ ఒకే గదిలో ఉండాలి. అందుకని వెడల్పుగా వీచే పెద్ద ఫ్యాన్ కంటే ఒక్క మనిషి వీపుకే పరిమితమయ్యే ఇలాంటి చిన్న ఫ్యాన్ వారికి కూడా మేలు. వీపు వెనక, గుంట అంచుకు పెట్టుకుంటే పడుగు జోలికి గాలి పోదు. కొబ్బరి పీచు తాళ్ళు పేనేవారికి మాత్రం దీన్ని సిఫారసు చేయను. పీచు పొట్టు రెక్కల్లో చేరి మోటారు దాకా పోతుంది, ముందు జాలీని విప్పి తుడవడం కూడా అంత తేలిక కాదు.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన విషయం. ఈ ఫ్యాన్ ఆన్ చేసిన ప్రతిసారీ గరిష్ఠ స్పీడులో మొదలవుతుంది. నిన్న మొదటి స్పీడులో ఆపారు కదా అని అది గుర్తుంచుకోదు. మొదటి స్పీడుకు రావాలంటే బటన్ మళ్ళీ మళ్ళీ నొక్కాలి, నొక్కిన ప్రతిసారీ పెద్దగా బీప్ మంటుంది. అతుకు కోసం చాప మీద వరుసగా పేర్చి పెట్టుకున్న పువ్వులు ఆ మొదటి గాలికే చెల్లాచెదురవుతాయి, కాగితం మీద గీసుకున్న నమూనా గుమ్మం దాటిపోతుంది, మధ్యాహ్నం పిల్లవాణ్ణి పడుకోబెట్టి పని మొదలుపెట్టిన తల్లికి ఆ బీప్ చప్పుడు వల్ల కలిగే ఇబ్బంది వేరే చెప్పనక్కరలేదు. ఇంత చక్కటి నెమ్మది గాలిని తయారు చేసినవారు అక్కడికి చేరే దారిని ఇంత గందరగోళంగా ఎందుకు పెట్టారో నాకు అర్థం కాలేదు. నేను చేస్తున్నది ఏమిటంటే, ఆన్ చేసేటప్పుడు ఫ్యాన్‌ను గోడ వైపు తిప్పి, స్పీడు తగ్గించాక నా వైపు తిప్పుకుంటున్నాను. ఇది నిత్యం చేయవలసి రావడం నిజంగా విసుగు. దీని తర్వాతి మోడల్‌లో చివరిగా వాడిన స్పీడును గుర్తుంచుకొనే ఏర్పాటు, చప్పుడు ఆపే వీలు తప్పకుండా ఉండాలని తయారీ సంస్థకు ఉత్తరం రాశాను.

బ్యాటరీ గురించి ఎక్కువ చెప్పను. మొదటి స్పీడులో మధ్యాహ్నం కరెంటు పోయినా సాయంత్రం దాకా ఆగలేదు, అది నాకు చాలు. కాకపోతే దీన్ని ఎండ పడే కిటికీలో పెట్టి ఛార్జ్ చేయకండి. లిథియం బ్యాటరీకి వేడి పడదు, ఎండలో ఛార్జ్ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. రాత్రి చల్లబడ్డాక పెట్టుకోవడం మంచిది. దీపం కూడా ఇచ్చారు, దాని తెల్లటి వెలుతురు తెల్ల దారం మీద కళ్ళకు గుచ్చుకుంటుంది కనుక నేను వాడడం లేదు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. ఫ్యాన్ గాలిని చల్లబరచదు, చెమటను ఆర్పడం ద్వారానే మనకు హాయినిస్తుంది. మన చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు ఉంటుంది. గాలి అంతకంటే వేడెక్కితే ఫ్యాన్ ఆ వేడినే ఒంటి మీదికి తోస్తుంది. 40 డిగ్రీలు దాటిన రోజున ఫ్యాన్ మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. అలాంటి రోజున రేకుల కప్పు కింద కూర్చొని ఆర్డరు పూర్తి చేయాలని పట్టుబట్టకండి. తెల్లవారుజామున, సాయంత్రం కాలువ గాలి తిరిగాక అల్లండి. మజ్జిగ, నీళ్ళు దగ్గర పెట్టుకోండి, ముంజేతులకు తడి గుడ్డ చుట్టుకొని తీసేసి, చేతులు పొడిగా తుడుచుకున్నాకే దారం ముట్టుకోండి. తల తిరిగినట్టు, వాంతి వచ్చినట్టు అనిపిస్తే సూది పక్కన పెట్టి నీడకు చేరి, వెంటనే ఎవరినైనా పిలవండి. లేసు ఏజెంట్లు గడువు పెట్టేటప్పుడు మే నెలను వేరుగా చూడాలని నా బలమైన అభిప్రాయం. పని మధ్యాహ్నం ఆగిపోయే నెలలో మాఘమాసపు గడువే ఇస్తే అల్లేవారు ఎండలో కూర్చోక తప్పదు.

ఇక కొనాలా వద్దా అంటే, లెక్క ప్రకారం చూస్తే దీనికంటే పెద్ద బ్యాటరీ, బలమైన గాలి ఉన్న ఫ్యాన్లు ఇదే ధరకు దొరుకుతాయి. అయినా క్రోషే, ఎంబ్రాయిడరీ, పూసల పని, కాగితపు పని చేసేవారికి నేను దీన్నే సూచిస్తాను, ఎందుకంటే దారాన్ని కదపకుండా చెమట ఆర్పే ఆ మొదటి స్పీడు మిగతా వాటిలో లేదు. ఇంట్లో పడుకున్న పసిపిల్లలుంటే మాత్రం బీప్ లేని మోడల్ వచ్చేదాకా ఆగండి. గది మొత్తానికి గాలి కావాలనుకొనేవారు దీని వైపు చూడనక్కరలేదు, ఆ డబ్బుకు కొంత కలిపి స్టాండ్ ఫ్యాన్ కొనుక్కోవడం మేలు. మీరు మీ ఊళ్ళో ఏ చేతి పని చేస్తున్నారో, మధ్యాహ్నం వేళ ఎలా నెట్టుకొస్తున్నారో వ్యాఖ్యల్లో రాయండి. వచ్చే వీడియోలో పూత చెడని క్రోషే సూదుల గురించి మాట్లాడతాను కనుక మీరు వాడుతున్న సూదుల వివరాలు కూడా తెలియజేయండి.