పిహెచ్‌డి తర్వాతి నాలుగేళ్లు

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాదులో భాషాశాస్త్రం చదువుకునే చోట్లకు కొదవ లేదు. ఉస్మానియాలో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి పునాది వేసిన శాఖ ఉంది. దాని పక్కనే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ. గచ్చిబౌలి వైపు వెళితే కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రం, ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతిక పరిశోధన కేంద్రం. చదువుకోవడానికి ఇన్ని ఉన్నాయి గానీ చదివినవాళ్లు పాఠం చెప్పడానికి మాత్రం అన్ని లేవు. చాలా డిగ్రీ కాలేజీల్లో అసలు ఈ సబ్జెక్టే లేదు.

అందుకే పిహెచ్‌డి తర్వాత దొరికే ఫెలోషిప్పులు, ఉద్యోగాల గురించి చెప్పే ఈ ప్రసంగం కొత్తగా డాక్టరేట్ అందుకున్నవాళ్లతో పాటు వాళ్ల ఇంట్లో పెద్దలకు కూడా. పిహెచ్‌డి చివర జరిగే మౌఖిక పరీక్ష, అదే వైవా, అయిన మర్నాటి నుంచి “లెక్చరర్ పోస్టు ఎప్పుడు?” అని అడిగేది వాళ్లే. అమ్మాయి రెండేళ్ల ఫెలోషిప్ అనగానే “ఇంకా చదువేనా?” అని ముఖం ముడుచుకునేదీ వాళ్లే. పోస్ట్‌డాక్ అంటే నెలనెలా భృతి తీసుకుంటూ సొంత పరిశోధన చేసే పని. దాన్ని ఉద్యోగంగానే చూడండి.

నియామకాల్లో కూడా అది లెక్కకు వస్తుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు విశ్వవిద్యాలయాలు ఇంటర్వ్యూకు పిలిచే ముందు అభ్యర్థులను వడపోయడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2018 నిబంధనల్లో ఒక మార్కుల పట్టిక ఇచ్చింది. అందులో పిహెచ్‌డికి 30, జాతీయ అర్హత పరీక్ష నెట్‌కు 5, దానితో పాటు పరిశోధన భృతి జేఆర్ఎఫ్ కూడా ఉంటే 7. ప్రచురించిన వ్యాసాలకు 10 దాకా వస్తాయి. బోధన అనుభవానికి గానీ పోస్ట్‌డాక్ అనుభవానికి గానీ ఏడాదికి 2 చొప్పున, మొత్తం 10కి మించకుండా ఇస్తారు. అంటే తరగతిలో గడిపిన ఏడాదికీ ఫెలోషిప్‌లో గడిపిన ఏడాదికీ అక్కడ ఒకటే విలువ. 2023 జులై నుంచి పిహెచ్‌డి తప్పనిసరి కాదు, నెట్ లేదా రాష్ట్ర స్థాయి పరీక్ష సెట్ చాలు అని యూజీసీ ప్రకటించినప్పుడు పరిశోధకులు చాలామంది డీలాపడ్డారు. ఈ పట్టిక చూస్తే అంత దిగులు అక్కర్లేదనిపిస్తుంది. ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లాక ఈ మార్కులు పనిచేయవు, ఆ గది సంగతి వేరు.

దేశంలో దొరికే ఫెలోషిప్పుల్లో భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి ఇచ్చేది ముఖ్యమైనది. రెండేళ్ల కాలం. వాళ్ల విషయాల జాబితాలో సామాజిక భాషాశాస్త్రం ఉంది. కాబట్టి వాక్యనిర్మాణ సిద్ధాంతాల మీద పనిచేసినవాళ్లు కూడా తాము పరిశోధించిన భాష మాట్లాడే జనం వైపు నుంచి ప్రతిపాదన ఆలోచించుకోవాలి.

విదేశాల విషయంలో గడియారం మీద కన్నుండాలి. అమెరికాలో చేసే ఫుల్‌బ్రైట్-నెహ్రూ పోస్ట్‌డాక్ ఎనిమిది నుంచి ఇరవై నాలుగు నెలలు. దానికి పిహెచ్‌డి వచ్చి నాలుగేళ్లు దాటకూడదు. యూరప్‌లో మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు ఎనిమిదేళ్ల దాకా సమయం ఉంది, అయితే మీరు వెళ్లబోయే దేశంలో గడచిన మూడేళ్లలో పన్నెండు నెలలకు మించి ఉండి ఉండకూడదు. కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెబుతూ, రేపు చూద్దాం అనుకుంటూ ఉంటే నాలుగేళ్లు ఇట్టే కరిగిపోతాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అంతరించిపోతున్న భాషల నమోదు కోసం 2002లో మొదలై, ఇప్పుడు బెర్లిన్ నుంచి నడుస్తున్న ఈఎల్‌డీపీ అనే నిధుల కార్యక్రమం. మన ఆదిలాబాద్‌లో కొలామీ, నాయకీ అనే గిరిజన భాషలు ఉన్నాయి కదా. కొలామీ క్రియల మీద సిద్ధాంత గ్రంథం రాసిన వ్యక్తిని ఊహించుకోండి. చాలామంది ఆ గ్రంథాన్నే రెండు పేజీలకు కుదించి ప్రతిపాదనగా పంపిస్తారు. అది తిరిగి వస్తుంది. అక్కడ అడిగేది వేరు. ఎన్ని గంటలు రికార్డు చేస్తారు? అందులో ఎంత భాగం లిపిబద్ధం చేసి అనువదిస్తారు? ఆ పని ఎవరు చేస్తారు, వాళ్లకు ఎంత ఇస్తారు? మాట్లాడేవాళ్ల సమ్మతి ఎలా తీసుకుంటారు? పెళ్లి పాటలు, పంటల ముచ్చట్లు, ముసలివాళ్ల కథలు వీటిలో ఏవి ముందు, ఎందుకు? మీ ప్రతిపాదన చదివే నిపుణుడు ఆఫ్రికా భాషల మీద జీవితమంతా పనిచేసిన మనిషి కావచ్చు. కొలామీ ఎక్కడ మాట్లాడతారో, ఇంట్లో పిల్లలకు అది వస్తోందో లేదో మొదటి పేరాలోనే చెప్పాలి. రికార్డులను భద్రపరచి, అందరికీ అందుబాటులో ఉంచే నియమం కూడా ఉంది. అదే దాని గొప్పతనం అని నా అభిప్రాయం. మన దగ్గర ఎంతమంది క్షేత్రపర్యటన క్యాసెట్లు అటక మీద బూజు పట్టాయో భాషాశాస్త్ర శాఖల్లో పనిచేసినవాళ్లకు తెలుసు.

ఇక వేరే పేర్లతో వచ్చే ఉద్యోగాలు. 2022లో మొదలైన భాషిణి, అంటే కేంద్ర ప్రభుత్వ భాషానువాద వేదిక, తర్వాత భారతీయ భాషల సాంకేతిక ప్రాజెక్టుల్లో భాషాశాస్త్రం తెలిసినవాళ్లకు పని కనిపిస్తోంది. మైసూరులోని భారతీయ భాషల కేంద్రీయ సంస్థలోనూ ప్రాజెక్టు పోస్టులు పడుతుంటాయి. చేరండి, కానీ మీరు పదాలకు, వాక్యాలకు గుర్తులు పెట్టి తయారుచేసిన భాషా సమాచారం మీద వ్యాసం వస్తే అందులో మీ పేరు ఉంటుందా అని చేరే రోజే అడగండి. అడగడానికి మొహమాటపడితే ఏళ్ల తరబడి చేసిన పని అనుభవ ధ్రువపత్రంలో ఒక వరుసగా మిగులుతుంది.

చివరిగా సిఫారసు లేఖలు. గడువుకు ముందు రోజు రాత్రి గురువుగారికి ఫోను చేసే అలవాటు మనలో బాగా ఉంది. ప్రతిపాదన చేతిలో పెట్టి మూడు వారాల గడువు ఇవ్వండి, అప్పుడు ఆయన మీ గురించి రాస్తారు. లేకపోతే ఎవరికైనా సరిపోయే నాలుగు వాక్యాలు రాసి పంపుతారు. విదేశీ ఆచార్యులకు రాసేటప్పుడు కూడా వాళ్ల వ్యాసం ఒకటి నిజంగా చదివి, దానితో మీ పనికి ఎక్కడ సంబంధమో నాలుగు మాటల్లో చెప్పండి. మేరీ క్యూరీ గడువు సాధారణంగా సెప్టెంబరులో ముగుస్తుంది. మిమ్మల్ని తమ విశ్వవిద్యాలయంలో చేర్చుకుని ఆతిథ్యం ఇచ్చే ఆచార్యులు ఉగాది నాటికి ఖాయమైతే వేసవి అంతా ప్రతిపాదన రాసుకోవడానికి మిగులుతుంది.

నమస్కారం.