షిరాక్ ఇరాక్ యుద్ధం వద్దన్నది ఆయిల్ కోసం కాదు, అల్జీరియా చూశాడు కాబట్టి!

నమస్తే అండీ! ఇరాక్ యుద్ధం మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు అనేస్తారు: "ఫ్రాన్స్ అధ్యక్షుడు షిరాక్ 2003లో అమెరికాకు ఎదురు తిరిగింది ఆయిల్ కోసమే" అని. వింటే ఒళ్లు మండుతుంది నాకు. ఆయిలే కావాలంటే యుద్ధంలో చేరి, గెలిచాక వాటా అడిగితే పోయేది కదా! మార్చి 10న టీవీలో కూర్చుని, ఏది ఏమైనా ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో యుద్ధ తీర్మానానికి వ్యతిరేకంగానే ఓటేస్తామని చెప్పడం దేనికి?

పోనీ శాంతిదూతా? అదీ కాదు. 1995లో దేశదేశాలు వద్దు మొర్రో అంటున్నా పసిఫిక్‌లో అణు పరీక్షలు చేయించిన మనిషి. 1999లో కొసావో యుద్ధానికి విమానాలు పంపాడు. 2001 తర్వాత అఫ్గానిస్తాన్‌కు సైన్యాన్నీ పంపాడు. అంతెందుకు, 1975లో ప్రధానిగా ఉన్నప్పుడు ఇరాక్ నేత సద్దాంకు రెడ్ కార్పెట్ పరిచింది కూడా ఈయనే. నేనేం దాచను.

మరి ఇరాక్ దగ్గరే ఎందుకు అడ్డం పడ్డాడు? అల్జీరియా! నా మాట రాసిపెట్టుకోండి, అల్జీరియా! అప్పట్లో ఫ్రాన్స్ పాలనలో ఉండి, స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న దేశం. 1956లో, పాతికేళ్లు కూడా నిండని షిరాక్ అక్కడ సైనికాధికారి. ఫ్రాన్స్ 4 లక్షలకు పైగా సైన్యాన్ని దింపింది. పోరాటాలు గెలుస్తూనే ఉంది, 1962లో దేశం వదిలేసి వచ్చేసింది. ఊరి జనం వద్దనుకున్న సైన్యం ఎంత పెద్దదైనా నిలవదు. ఈ సంగతి ఆయన కళ్లారా చూశాడు. అమెరికా అధ్యక్షుడు బుష్ చూశాడా? ఆయనతో కలిసి యుద్ధానికి దిగిన బ్రిటన్ ప్రధాని బ్లెయిర్ చూశాడా? ఇద్దరిలో ఒక్కరూ యుద్ధరంగంలో అడుగు పెట్టినవాళ్లు కాదు!

2003 ఫిబ్రవరి 14న భద్రతా మండలిలో షిరాక్ విదేశాంగ మంత్రి విల్పాన్ ప్రసంగం చూడండి. యుద్ధాలు, పరాయి సైన్యాల ఆక్రమణ అనుభవించిన పాత దేశం నుంచి మాట్లాడుతున్నానన్నాడు. చప్పట్లు కొట్టే అలవాటే లేని ఆ హాల్లో చప్పట్లు మోగాయి. నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అమెరికా ఏం చేసిందో తెలుసా? పార్లమెంటు క్యాంటీన్లలో ఫ్రెంచ్ ఫ్రైస్ పేరు మార్చి ఫ్రీడమ్ ఫ్రైస్ అని పెట్టింది! బంగాళాదుంప మీదా కోపం? 2006లో పాత పేరే మళ్లీ మెనూలోకి వచ్చింది. సైనికులు ఇరాక్ నుంచి ఇంటికి రావడానికి మాత్రం 2011 డిసెంబర్ దాకా పట్టింది, అప్పటికి దాదాపు 4,500 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. అల్జీరియాలో ఫ్రాన్స్ ఏడున్నరేళ్లు పోరాడింది. ఇరాక్‌లో అమెరికాకు ఎనిమిదేళ్లు దాటిపోయాయి.