14 రోజుల లెక్క: లోకో పైలట్ పని గంటలు, విశ్రాంతి, ఓవర్‌టైమ్

సభకు వచ్చిన లోకో పైలట్లకు, అసిస్టెంట్లకు, ట్రైన్ మేనేజర్లకు (గార్డులకు), వాళ్లతో పాటు వచ్చిన ఇంటివాళ్లకు నమస్కారం.

విశాఖపట్నంలో 8 గంటల పని అంటే ఏమిటో చిన్నపిల్లలకూ తెలుసు. ఉక్కు కర్మాగారంలో మూడు షిఫ్టులు నడుస్తాయి. ఎవరు ఎన్నింటికి వెళ్తారో, ఎన్నింటికి వస్తారో వీధంతా చెప్పగలదు. అదే ఊళ్లో కంచరపాలెం, మర్రిపాలెం, తాటిచెట్లపాలెం వైపు రన్నింగ్ స్టాఫ్ (బండి నడిపే సిబ్బంది) ఇళ్లలో రాత్రికి మనిషి ఇంట్లో ఉంటాడో లేదో సాయంత్రం దాకా తేలదు. ఫ్యాక్టరీల చట్టం 1948లో వారానికి 48 గంటలు అని గీత గీసింది. రైల్వే చట్టం 1989, సెక్షన్ 132 మనకు గీసిన గీత వారానికి 54 గంటలు. అది కూడా ఏ వారానికి ఆ వారం చూసేది కాదు, రెండు వారాల సగటు. ఈ ‘సగటు’ అన్న మాటను ఈరోజు కాస్త విప్పి చూద్దాం. ఓవర్‌టైమ్ రాలేదని లాబీలో (సిబ్బంది డ్యూటీ ఎక్కి, దిగే ఆఫీసులో) వినపడే గొడవల్లో చాలా వాటికి మూలం అక్కడే ఉంది.

2005 నాటి పని గంటల నియమాల ప్రకారం రన్నింగ్ స్టాఫ్ ‘కంటిన్యువస్’ వర్గంలోకి వస్తారు. రోస్టర్ గంటలు, అంటే డ్యూటీ పట్టిక ప్రకారం చేయాల్సిన గంటలు, 14 రోజులకు 104. చట్టం హద్దు 108. ఓవర్‌టైమ్ 104 దాటాకే మొదలవుతుంది. 104 నుంచి 108 దాకా ఒకటిన్నర రేటు, 108 దాటిన ప్రతి గంటకూ రెట్టింపు.

ఒక గూడ్స్ లోకో పైలట్ పక్షంలో, అంటే ఈ 14 రోజుల్లో, తొమ్మిది ట్రిప్పులు చేశాడనుకోండి. సైన్ ఆన్ (డ్యూటీ ఎక్కడం) నుంచి సైన్ ఆఫ్ (డ్యూటీ దిగడం) దాకా గంటలు, నిమిషాలు ఇవి: 10:40, 9:20, 12:30, 8:50, 11:10, 9:45, 13:05, 8:30, 10:20. మొత్తం 94 గంటల 10 నిమిషాలు. ఇందులో మూడు ట్రిప్పులు 11 గంటలు దాటాయి, ఒకటి 13 కూడా దాటింది. అయినా ఓవర్‌టైమ్ కింద ఒక్క రూపాయి రాదు, ఎందుకంటే 104 నిండలేదు. పదో ట్రిప్పు 12:20 పడితే మొత్తం 106:30 అవుతుంది. అప్పుడు రెండున్నర గంటలకు ఒకటిన్నర రేటు. ఆ తర్వాత ఇంకో 3 గంటలు పడితే 109:30. అందులో 4 గంటలు ఒకటిన్నర రేటుకి, గంటన్నర రెట్టింపు రేటుకి పోతాయి.

13 గంటలు ఇంజిన్‌లో కూర్చున్న రోజు అలసట ఆ రోజుదే. డబ్బు మాత్రం 14 రోజుల మొత్తాన్ని బట్టి వస్తుంది. తర్వాతి నాలుగు రోజులు బండి లేక ఇంట్లో ఉంటే ఆ 13 గంటలు లెక్కలో కరిగిపోతాయి. అందుకే గంటల మీద పోరాడేవాళ్లు ఓవర్‌టైమ్ రేటు కన్నా రోజువారీ హద్దుకే ఎక్కువ విలువ ఇవ్వాలని మేం గట్టిగా అంటాం. 1973 ఆగస్టులో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె చేసి అడిగింది కూడా రోజుకు 10 గంటలే. అప్పటి రైల్వే మంత్రి పార్లమెంటులో ఒప్పుకున్నారు. ఆ 10 గంటల కోరిక ఈరోజుకూ కోరికల పత్రంలోనే ఉంది.

ఇప్పుడు అమల్లో ఉన్న రోజువారీ హద్దు 2016 ఉత్తర్వులది. ఇందులో రెండు గడియారాలు ఉంటాయి. మొదటిది సైన్ ఆన్‌తో మొదలవుతుంది. లాబీలో బ్రీత్ ఎనలైజర్ పరీక్ష అయి, క్రూ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లో పేరు పడిన క్షణం అది. రెండోది బండి కదిలాక మొదలవుతుంది. బండి బయల్దేరినప్పటి నుంచి రన్నింగ్ డ్యూటీ మామూలుగా 9 గంటలు దాటకూడదు. దాటించాలంటే ఆ 9 గంటలు పూర్తి కావడానికి కనీసం 2 గంటల ముందు క్రూకి చెప్పాలి. చెప్పినా సరే, సైన్ ఆన్ నుంచి సైన్ ఆఫ్ దాకా మొత్తం 11 గంటలు మించకూడదు.

రాత్రి 22:00కి సైన్ ఆన్ చేశారనుకోండి. ఇంజిన్ తీసుకుని, బ్రేక్ పవర్ చూసుకుని, లైన్ క్లియర్ (ముందుకు వెళ్లే అనుమతి) దొరికి బండి 23:10కి కదిలింది. 9 గంటల హద్దు ఉదయం 8:10కి. నోటీసు 6:10 లోపు రావాలి. 11 గంటల హద్దు 9:00కి. యార్డులో గంటా పది నిమిషాలు పోయాయి కాబట్టి నోటీసు ఇచ్చినా కంట్రోల్‌కు (బండ్ల రాకపోకలు చూసే ఆఫీసుకు) అదనంగా దొరికేది 50 నిమిషాలే. డ్యూటీ 11 గంటలు నిండేసరికి గమ్యం గానీ, క్రూ మారే చోటు గానీ, రిలీఫ్ (మన బదులు ఎక్కే సిబ్బంది) ఏర్పాటైన చోటు గానీ చేరకపోతే, అది సుమారు గంట ప్రయాణం దూరంలో ఉంటే అక్కడిదాకా నడపాలి. ప్రమాదం, వరద, ఆందోళన, పరికరం చెడిపోవడం లాంటివి వేరే లెక్క.

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ‘11 దాటింది, దిగిపోతాను’ అనడానికి కుదరదు. రిలీఫ్ వచ్చేదాకా సిబ్బంది డ్యూటీ వదిలిపోకూడదని సెక్షన్ 134 చెబుతోంది. కాబట్టి చేయాల్సిన పని ముందే ఉంటుంది. బండి కదిలి 7 గంటలైనా నోటీసు రాకపోతే, తర్వాతి స్టేషన్ మాస్టర్ ద్వారా కంట్రోలర్‌కు సైన్ ఆన్ సమయం, బయల్దేరిన సమయం చెప్పి రిలీఫ్ అడగండి. అడిగిన టైమ్, స్టేషన్ పేరు, వచ్చిన జవాబు కంబైన్డ్ ట్రైన్ రిపోర్ట్‌లో రాయండి. నోటితో అడిగి ఊరుకుంటే నెల తిరిగాక ఆ మాట ఎవరికీ గుర్తుండదు.

విశ్రాంతి సంగతికి వద్దాం. హెడ్‌క్వార్టర్స్‌లో, అంటే మన విశాఖలో, 8 గంటలు గానీ అంతకు మించి గానీ డ్యూటీ చేసి దిగితే 16 గంటల విశ్రాంతి. 8 కన్నా తక్కువైతే 12. అంటే 7:55 గంటల డ్యూటీకి, 8:05 గంటల డ్యూటీకి మధ్య ఉన్న పది నిమిషాల విలువ 4 గంటల నిద్ర. బండి అప్పగించి, ఇంజిన్ దిగి, లాబీకి నడిచి వచ్చేసరికి పది నిమిషాలు ఇట్టే గడుస్తాయి. ‘బండి ఆగింది కదా, ఇప్పుడే సైన్ ఆఫ్ కొట్టేద్దాం’ అని ఎవరైనా తొందరపెడితే ఒప్పుకోకండి. సైన్ ఆఫ్ అంటే పని నిజంగా అయిపోయిన క్షణం. ఆ 16 గంటలు కూడా పూర్తిగా నిద్రకు దక్కవు. కాల్ (తర్వాతి డ్యూటీకి పిలుపు) రెండు గంటల ముందే వస్తుంది, నిద్ర అక్కడే తెగుతుంది. ఇంటివాళ్లు అర్థం చేసుకోవాల్సింది ఇదే. పగలు పదింటికి ఇంటికి వచ్చిన మనిషికి పదకొండింటికి కరెంటు బిల్లు పని అప్పజెబితే ఆ రాత్రి ఇంజిన్‌లో ఆ లోటు బయటపడుతుంది.

బయట ఊళ్లో రన్నింగ్ రూమ్‌లో (సిబ్బంది విశ్రాంతి గృహంలో), 8 గంటలు లేదా అంతకు మించి పనిచేసి దిగితే, 8 గంటల విశ్రాంతి. ఇంటికి దూరంగా గరిష్ఠంగా 72 గంటలు ఉంచవచ్చు. దీన్ని 48కి తగ్గించాలన్నది సిబ్బంది కోరిక.

నెలవారీ విశ్రాంతిని మనవాళ్లు పీఆర్ (పీరియాడిక్ రెస్ట్) అంటారు. సెక్షన్ 133 ప్రకారం నెలకు 30 గంటలకు తగ్గకుండా నాలుగు, లేదా 22 గంటలకు తగ్గకుండా ఐదు ఇవ్వాలి. అందులో ఒక పూర్తి రాత్రి మంచం మీద గడవాలి. తగవంతా ఈ 30 దగ్గరే. ట్రిప్పు తర్వాత ఎలాగూ రావాల్సిన 16 గంటలను ఈ 30లో కలిపేస్తే వారం సెలవు కింద మిగిలేది 14 గంటలు. విడివిడిగా ఇస్తే 46. మేం 46 వైపే నిలబడతాం. రోజు అలసట తీర్చుకునే విశ్రాంతి వేరు, వారం అలసట తీర్చుకునే విశ్రాంతి వేరు. మిగతా ఉద్యోగులకు ఆదివారం సెలవులోంచి శనివారం రాత్రి నిద్రను ఎవరూ కోయరు కదా.

రాత్రి డ్యూటీలు వరసగా నాలుగు మించకూడదన్నది 2016 నాటి హద్దు. నాలుగు కూడా ఎక్కువే. తెల్లవారుజామున 2 నుంచి 5 మధ్య ఒంట్లో వేడి తగ్గుతుంది, మెదడు మందగిస్తుంది. ఎంత అనుభవమున్నా దీన్ని ఆపలేం. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చేతి వేగం, చూపు చురుకు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి దిగుతాయని 1997లో శాస్త్రీయంగా కొలిచి చూపారు. లాబీలో బ్రీత్ ఎనలైజర్ మద్యాన్ని పట్టుకుంటుంది. నిద్రలేమిని పట్టే యంత్రం అక్కడ లేదు.

ఇంజిన్‌లో విజిలెన్స్ కంట్రోల్ డివైజ్ ఉంది కదా అని కొందరు అంటారు. లోకో పైలట్ 60 సెకన్ల పాటు ఏ పనీ చేయకపోతే ముందు దీపం వెలుగుతుంది. సుమారు 8 సెకన్ల తర్వాత బజర్ మోగుతుంది, ఇంకో 8 సెకన్లకు బ్రేకులు పడతాయి. మంచి రక్షణే, కాదనం. కానీ అది చూసేది చేతిని, కంటిని కాదు. కళ్లు మూతపడుతున్నా అలవాటైన చేయి బటన్ నొక్కుతుంది. మూడు నాలుగు సెకన్ల కునుకులో సిగ్నల్ దాటిపోవచ్చు. కొత్తవలస–కిరండూల్ లైన్ మీద 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ నుంచి బొర్రా, చిమిడిపల్లి, త్యాడ మీదుగా ఖనిజం బండిని దింపుతున్నప్పుడు ఆ మూడు సెకన్లు ఎంతటివో ఇక్కడున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

జీతం గురించి క్లుప్తంగా. ఏడో వేతన సంఘం ప్రకారం అసిస్టెంట్ లోకో పైలట్ మొదటి బేసిక్ 19,900, గూడ్స్ లోకో పైలట్‌ది 35,400. దాని పైన మైలేజ్, అంటే బండి నడిపినందుకు వచ్చే భత్యం. మైలేజ్‌లో కొంత భాగాన్ని జీతంగానే లెక్కిస్తారు. డీఏ వంటి వాటికి బేసిక్ మీద 30 శాతం, పదవీ విరమణ ప్రయోజనాలకు 55 శాతం కలుపుతారు. 35,400 మీద 30 శాతం 10,620. 55 శాతం 19,470. పాత పింఛను పరిధిలో ఉన్నవాళ్లు పింఛను కాగితాల్లో ఈ 55 శాతం పడిందో లేదో తప్పక చూసుకోవాలి. మైలేజ్ ప్రధానంగా దూరాన్ని బట్టి వస్తుంది కాబట్టి మెయిన్ లైన్‌లో రాజమండ్రి వైపు పరుగెత్తే ఎక్స్‌ప్రెస్‌కూ, ఘాట్‌లో ఎదురు బండి దాటేదాకా లూప్‌లో (పక్క లైన్లో) నిలబడే గూడ్స్‌కూ గంటలు ఒకటే అయినా చేతికొచ్చేది ఒకటి కాదు. రాత్రి 22:00 నుంచి 6:00 దాకా చేసిన ప్రతి గంటకూ 10 నిమిషాల అదనపు లెక్క ఉంది. పూర్తి రాత్రికి 80 నిమిషాలు.

చివరిగా, చేయాల్సిన పని. జేబులో పట్టే నోటుబుక్ పెట్టుకోండి. ఒక్కో ట్రిప్పుకు ఒక్కో వరుస: కాల్ వచ్చిన టైమ్, సైన్ ఆన్, బండి కదిలిన టైమ్, చేరిన టైమ్, సైన్ ఆఫ్, తర్వాతి సైన్ ఆన్ దాకా దొరికిన విశ్రాంతి. పక్షం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో బిల్లుల సెక్షన్‌లో ముందే అడిగి తెలుసుకోండి. ఆ తేదీ ఒక్క రోజు తప్పినా మీ మొత్తానికి, వాళ్ల మొత్తానికి పొంతన కుదరదు. తేడా కనిపిస్తే ట్రిప్పుల తేదీలతో రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. అక్కడా తేలకపోతే రైల్వే కార్మికుల పని గంటలు తనిఖీ చేయడానికి సెక్షన్ 135 కింద సూపర్‌వైజర్లున్నారు, కేంద్ర కార్మిక శాఖ అధికారులే ఆ పని చూస్తారు.

ఇక నోటుబుక్కులున్నవాళ్లు బయటకు తీయండి. ఎవరిదైనా ఒక పక్షం బోర్డు మీద వేసి కూడుదాం.