పాసుపుస్తకంల ఆమె పేరు

(నల్లగొండలో రెవెన్యూ, పంచాయతీరాజ్ సిబ్బంది శిక్షణలో ఒక విశ్రాంత తహసీల్దార్ ప్రసంగం)

అందరికీ నమస్కారం. బ్యానర్ మీద ‘పాలనలో లింగ దృక్కోణం’ అని రాసిన్రు. చాయ్ తాగేకాడ ఒక పంచాయతీ కార్యదర్శి తమ్ముడు మెల్లగ అడిగిండు: “మేడం, దీనర్థం ఏంది?” ఆయనకు చెప్పిందే మీకూ చెప్తా. మనం రాసే నిబంధన ఆడోళ్లకు, మొగోళ్లకు ఎట్లెట్ల తాకుతదో చూసుడే అది. ఇంటికి పోయినంక రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం తీసి పక్కపక్కన పెట్టి చూడండ్రి.

రేషన్ కార్డుల ఇంటి పెద్ద ఆడమనిషి. 18 ఏండ్లు దాటిన ఆడోళ్లల్ల పెద్దామెనే కుటుంబ పెద్ద అని 2013 ఆహార భద్రత చట్టంలనే ఉన్నది. అదే ఇంట్ల పాసుపుస్తకం తెరవండ్రి. చాలా ఇండ్లల్ల ఆమె పేరు కనబడది. వండే బియ్యానికి పెద్ద, వడ్లు పండే మడికి పరాయిది.

మన పత్తి చేన్లల్ల గింజ పెట్టేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఎవరు? మీకు తెల్వంది కాదు. 2018ల రైతుబంధు వచ్చింది, ఎకరానికి పంటకు 4,000 రూపాయలు. పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లకే. అదే ఏడు రైతుబీమా పెట్టిన్రు. 18 నుంచి 59 ఏండ్ల పట్టాదారు ఏ కారణంతోని చనిపోయినా ఇంటికి 5 లక్షలు. మంచి పథకమే, కాదనను. కలుపుకు పోయినామెను పాము కరిచి పానం పోతే? పట్టా మొగని పేరున ఉంటే ఆ ఇంటికి ఆ బీమా రాదు. ఆమెకు అన్యాయం చెయ్యాలని ఎవరూ అనుకోలే. రైతు అంటే పట్టాదారే అని రాసుకున్నం, అక్కడనే ఆమె జారిపోయింది.

ఇందిరమ్మ ఇల్లు మాత్రం ఆడోళ్ల పేరుననే ఇయ్యాలని నిబంధనల పెట్టిన్రు. అంటే కాగితం మీద ఒక్క వాక్యంతోని అయ్యే పనే.

బస్సు సంగతి సూటిగ చెప్త. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ, జీరో టికెట్ ఇస్తరు. బస్సే రాని తండాల ఆ టికెట్ ఏం చేసుకుంటరు? కైకిలి పోయేటోళ్లు ట్రాలీ ఆటోల ఇరుక్కొని పోతున్నరు. టైంటేబుల్ రాసేటాయన పొద్దుగాల ఒకసారి ఊరి బొడ్రాయికాడ నిలబడితే ఆయనకే తెలుస్తది.

ఇగ తహసీల్దార్లకు. విరాసత్, అంటే చనిపోయినోళ్ల పట్టా వారసుల పేరున మార్చే దరఖాస్తుల, కొడుకుల పేర్లే ఉంటయి. వీలునామా లేకుంటే భార్యకు, ఆడబిడ్డలకు కొడుకులతో సమానంగ హక్కున్నదని 1956 హిందూ వారసత్వ చట్టం మనకు తెల్వదా? నా దగ్గరికి ఒక ఫైల్ వచ్చింది. భూమి నాకొద్దు అని తల్లి వేలిముద్ర. పిలిపించి అడిగిన. “పింఛన్ కాగితం అన్నరు బిడ్డా” అన్నది. నేను సంతకం పెట్టలే. పెద్దకొడుకు మూడు దినాలు ఆఫీసు మెట్ల మీద కూసున్నడు. నాలుగోనాడు తల్లి పేరు కలిపి కొత్త దరఖాస్తు తెచ్చిండు.